కూర్చుంటే లేవాలిగా

జూన్ 1, ఆదివారం

ఈ రోజు చర్చిలో నాకు కాలు తిమ్మిరెక్కింది. అంతే. రాయాల్సినంత విషయం కూడా కాదు.

అయినా రాస్తున్నాను. మధ్యాహ్నం పడుకుంటే కునుకు పట్టలేదు.

ప్రభు సంస్కారం తీసుకోవడానికి మా వరస పీఠం ముందు చెక్క కమ్మీ దగ్గర మోకరించింది. రొట్టె అయింది, ద్రాక్షారసం అయింది. సమాధానంతో వెళ్ళండి అన్నారు ఫ్రాన్సిస్ అయ్యగారు. అందరూ లేచారు. నేనూ లేద్దామనుకున్నాను. నేను అనుకోవడమే అయింది, కాళ్ళు అనుకోలేదు. కమ్మీ పట్టుకుని లాగాను. కమ్మీ కిర్రుమంది గానీ నేను కదల్లేదు. ఈలోపు వెనక వరస వచ్చి నాకు రెండు పక్కలా మోకరించింది. ఏం చెయ్యాలో తోచక కళ్ళు మూసుకుని తల వంచాను. అయ్యగారు వచ్చి నా భుజం కింద చెయ్యి వేశారు. నేను ఇంకా కిందికి వంగాను. చివరికి పక్కనున్న ఏసుపాదం గారు లేస్తుంటే, ఆయన భుజం ఆసరా చేసుకుని ఆయనతో పాటే లేచాను. ఆయన మా సంఘపెద్ద. నేను ఆప్యాయత కొద్దీ పట్టుకున్నాననుకుని నా చెయ్యి నిమిరారు.

బయటికొచ్చాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. "మాస్టారు ఎంత భారంతో ప్రార్థన చేశారండి ఇవాళ" అన్నారు.

భారం ఉన్న మాట నిజమే. అరవై కిలోల పైమాటే.

ఆటోలో మా ఆవిడ రూతు అడిగింది, "అంతసేపు దేనికోసం ప్రార్థన చేశారండి?" అని.

"అందరి కోసం" అన్నాను.

జూన్ 3

తిమ్మిరి మళ్ళీ రాలేదు. మళ్ళీ మోకరించలేదు.

జూన్ 10

పొద్దున్నే పూర్ణచంద్రరావుతో కాలవ గట్టు మీద నడక. మా కాలేజీలో ఆయన లెక్కలు చెప్పేవాడు, నేను జువాలజీ. రిటైరయ్యాక ఇద్దరం కలిసి నడుస్తున్నాం. నడక ఎక్కడ మొదలైనా ఇడ్లీ హోటల్ దగ్గర ఆగుతుంది. నడక ఒక్కటి చాలండి, ఇంకే రోగమూ రాదు అంటాడాయన, రెండో ప్లేటు చట్నీ పోయించుకుంటూ.

"బాగా సన్నబడ్డారు ప్రసాద్ గారూ. ఏంటి రహస్యం?" అన్నాడు.

"రాత్రిపూట అన్నం మానేశానండి. ఒక పండు, గ్లాసు మజ్జిగ. అంతే" అన్నాను గర్వంగా. బెల్టుకి కొత్త బెజ్జం పొడిపించిన సంగతి కూడా చెప్పాను. పెళ్ళినాటి ప్యాంటు ఉంటే ఇప్పుడు పట్టేది. చొక్కాలు కూడా వదులయ్యాయి. భుజాల దగ్గర మరీ.

సాయంత్రం కొత్తావకాయ సీసా మూత రాలేదు. నేను తిప్పాను, రూతు తిప్పింది. మూతలు ఈమధ్య మరీ గట్టిగా బిగిస్తున్నారు. పక్కింటి తనూజ బ్యాంకు నుంచి వస్తుంటే ఇచ్చాం. బ్యాగు భుజానికి ఉండగానే ఒక్క తిప్పుతో తీసిచ్చింది. అప్పటికే మేం వదులు చేసి పెట్టాం కాబట్టి.

జూన్ 13, శుక్రవారం

ఏసుపాదం గారు ఇంటికొచ్చారు. శుక్రవారం ఉపవాస ప్రార్థనల్లో నెలకోసారి నేను వాక్యం చెప్పాలట. మొన్న నా మోకరింపు చూశాక సంఘంలో అందరూ అదే అనుకుంటున్నారట.

వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణమే ఉంది. అది చెప్పలేను. ఒప్పుకున్నాను.

జూన్ 21, శనివారం, బాపట్ల

మా అమ్మాయి హెప్సిబా ఇంటికొచ్చాం. తను బాపట్లలోనే టీచరు. సాయంత్రం అందరం సూర్యలంక బీచికి వెళ్ళాం. గుంటూరు నుంచీ తెనాలి నుంచీ వచ్చిన జనంతో ఒడ్డు నిండిపోయింది. రూతు కారు దగ్గరే కుర్చీలో కూర్చుంది. నేను మాత్రం వయసులో ఉన్నవాడిలా వెళ్ళి తడి ఇసకలో చతికిలబడ్డాను.

చీకటి పడబోతుంటే హెప్సిబా వచ్చి "నాన్నా, లేవండి, వెళ్దాం" అంది.

"కాసేపు సముద్రం చూడనీ."

"ఇప్పటిదాకా చూశారుగా."

"మళ్ళీ చూస్తున్నాను."

అలొచ్చి నడుం దాకా తడిపి వెళ్ళింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇంకోటొచ్చి నా చెప్పుల్లో ఒకదాన్ని పట్టుకుపోయింది. చెప్పు అలా దూరంగా పోతుంటే కూడా కదలకుండా చూస్తున్న మనిషిని చూస్తే ఏ కూతురికైనా అనుమానం వస్తుంది. హెప్సిబా నా ఎదురుగా ఇసకలో కూర్చుంది.

"నాన్నా, లేవలేకపోతున్నారా?"

"ఇసక లాగుతోందమ్మా."

అది లేచింది. వల సర్దుకుంటున్న ఇద్దర్ని పిలిచింది. వాళ్ళు చెరో చంక కింద చెయ్యేసి, పడవని లేపినట్టు లేపారు. "బాబాయ్ తేలిగ్గానే ఉన్నాడులే" అన్నాడొకడు. నాకు అది కూడా పొగడ్తలాగే వినిపించింది.

జూన్ 23, సోమవారం

హెప్సిబా బలవంతం మీద బాపట్లలోనే డాక్టర్ జయలక్ష్మి గారికి చూపించుకున్నాను. యాభై ఏళ్ళుంటాయేమో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమంది. చేతులు కట్టుకుని లేవడమేంటండీ, చేతులుండేది ఎందుకు అన్నాను. లేవండి అంది. లేవలేదు. ఒక పిడి లాంటి పరికరం ఇచ్చి గట్టిగా నొక్కమంది. నొక్కాను. ఆమె ముఖం చూసి ఇంకోసారి నొక్కాను. ముఖం మారలేదు.

"మీ వయసులో ఏటేటా కొంత కండ పోతూనే ఉంటుందండి. వాడకపోతే, చాలినంత మాంసకృత్తులు తినకపోతే తొందరగా కరిగిపోతుంది. మీరు సన్నబడింది కొవ్వు తగ్గి కాదు."

"నేను రోజూ నడుస్తానండి."

"మంచిదే, గుండెకి. తొడలకి నడక ఒక్కటే చాలదు. బరువు పని చెప్పాలి. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, నీళ్ళ సీసాలు ఎత్తడం. రాత్రి పండు, మజ్జిగతో సరిపెట్టడం మానెయ్యండి. పూటపూటకీ గుడ్డో, పప్పో, చేపో, పెరుగో ఉండాలి. ముందు కిడ్నీ పరీక్ష చేయించి, ఎంత తినాలో చెప్తాను. మీరేం చేసేవారండి?"

"జువాలజీ లెక్చరర్ని" అన్నాను. ఎందుకు చెప్పానో. ముప్పై ఏళ్ళపాటు కప్ప పిక్క కండరాన్ని రంగు సుద్దలతో బోర్డు మీద గీసినవాణ్ణి. దాని రక్తనాళాలన్నీ నాకు తెలుసు. నా పిక్క ఎప్పుడు పోయిందో తెలీదు.

ఆమె నవ్వలేదు. నవ్వుంటే బాగుండేది.

జూన్ 27

కిడ్నీలు బాగున్నాయి. గుడ్లు తినొచ్చు. ఇవాళ్టి నుంచి గదిలో తలుపు వేసుకుని వ్యాయామం. రూతు రెండు గుడ్లు ఉడకబెట్టి, గిన్నెడు పెసలు నానబెట్టి, పెరుగు గడ్డగా తోడుపెట్టింది. నువ్వూ కూర్చో అంటే మీరు కానివ్వండి, నాకు పనుంది అంది.

జూలై 1

తలుపు వేసుకుని చేశాను. తొడలు వణికాయి.

జూలై 3

చేశాను.

జూలై 5

చేసినట్టే.

జూలై 8

వర్షం. (కుర్చీ గదిలోనే ఉంది. అయినా వర్షం.)

జూలై 9

తలుపు వేసుకున్నాను. కుర్చీలో కూర్చుని పేపరు చదివాను. సగం వ్యాయామం అయినట్టే, కూర్చోవడం అందులో భాగమేగా.

జూలై 11, శుక్రవారం

మొదటిసారి ఉపవాస ప్రార్థనలో వాక్యం చెప్పాను. ఆకలిని జయించడం గురించి. బయల్దేరే ముందు వంటింట్లో నిలబడి రెండు గుడ్లు తిన్నాను, డాక్టరు ఏ పూటా మానొద్దందిగా. సరిగ్గా "పస్తు శరీరానికి కాదు, అహంకారానికి" అన్న చోట తేన్పు వచ్చింది. ముందు వరసలో ముసలమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

అయిపోయాక ఏసుపాదం గారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఉపవాసం చేసిన కళ మీ ముఖంలో కనపడుతోందండి" అన్నారు.

జూలై 19

టౌన్లో ఒక డబ్బా కొన్నాను. పొడి. పాలల్లో కలుపుకుని తాగితే కండ వస్తుందట. డబ్బా మీద చొక్కా లేని కుర్రాడి బొమ్మ. వాడి ఒక్క చెయ్యి నా రెండు తొడలంత ఉంది. వ్యాయామం కన్నా ఇది సులువు. రూతు ఆ డబ్బాని ఫ్రిజ్ మీద పెట్టి, బొమ్మ కనపడకుండా చుట్టూ న్యూస్‌పేపరు చుట్టింది. చర్చి ఆడవాళ్ళు వస్తుంటారు, బాగోదు అంది.

ఫోన్లో హెప్సిబాకి చెప్తే డాక్టర్ని అడిగి చెప్పింది. ఇంట్లో గుడ్లూ పప్పూ పెరుగూ ఉండగా మీకిది అక్కర్లేదట, ముందు కుర్చీలోంచి లేవమన్నారట.

ఆ కుర్చీ పేరెత్తితే నాకు చిరాకు వస్తోంది.

జూలై 26

తలుపు వేసుకున్నాను.

ఆగస్టు 2, శనివారం

ఇది రాయాలని లేదు. అయినా రాయాలి.

పొద్దున్న రూతు తడిబట్టల బకెట్టు పట్టుకుని పెరటి మెట్టు దిగుతూ పడిపోయింది. అరవలేదు. "ఏవండీ" అని మామూలుగా పిలిచింది, కాఫీకి పిలిచినట్టు. వెళ్ళి చూస్తే మెట్టు కింద పక్కకి పడుంది. కుడిచెయ్యి మడత పడి వంకరగా ఉంది.

చంకల కింద చేతులు వేసి లేపాను. సగం లేచింది. అక్కడ నా తొడలు ఆగిపోయాయి. పైకీ లేపలేను, కిందికీ దించలేను. ఆ సగంలో ఎంతసేపు ఉన్నామో, తర్వాత ఇద్దరం కలిసి వెనక్కి కూలబడ్డాం. ఆవిడ నా ఒళ్ళో పడింది. చెయ్యి అదిరినట్టుంది, అప్పుడు మాత్రం "అమ్మా" అంది.

అక్కడే గోడకి ఆనుకుని కూర్చున్నాం. తడిబట్టల్లోంచి నీళ్ళు మా కిందికి వస్తున్నాయి. "తనూజా, అమ్మా తనూజా" అని గోడ అవతలికి కేకలు వేశాను. నా గొంతుకి మాత్రం ఏ లోటూ లేదు. క్లాసులో చివరి బెంచీ దాకా వినపడే గొంతు.

తనూజ వచ్చేలోపు రూతు అడిగింది, "రోజూ చేస్తున్నారుగా వ్యాయామం?"

నేను తడి దుప్పటి ఒకటి పక్కకి లాగాను.

"తలుపు వేసుకుని చేస్తున్నారుగా?"

"తలుపు వేసుకునేవాణ్ణి" అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. తిట్టలేదు. తల తిప్పి బకెట్టు వైపు చూస్తూ, "దుప్పట్లు మళ్ళీ ఉతకాలి" అంది.

తనూజ వచ్చి ముందు ఆవిడని లేపింది. తర్వాత నన్ను లేపింది.

ఆగస్టు 3, ఆదివారం

మణికట్టు ఎముక విరిగింది. కట్టు వేశారు, ఆరు వారాలుంచాలట. తుంటి విరగలేదు, అదృష్టం అన్నారు.

తుంటి విరిగి ఉంటే. తనూజ బ్యాంకుకి వెళ్ళిపోయి ఉంటే.

చర్చికి వెళ్ళలేదు.

ఆగస్టు 5

తలుపు తీసి చేశాను. హాల్లో, రూతు ఎదురుగా. ముందు కుర్చీలో దిండు వేసుకుని ఎత్తు చేసుకున్నాను. లేచాను. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. మూడోసారి మోకాళ్ళ మీద చేతులు వేశాను. "చేతులు తియ్యండి" అంది రూతు, సోఫాలోంచి.

ఆగస్టు 8, శుక్రవారం

ఇవాళ మళ్ళీ వాక్యం చెప్పే వంతు నాది. లేచి నిలబడ్డాను. రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"జూన్‌లో నేను మోకాళ్ళ మీద ఉండిపోయింది ప్రార్థన చెయ్యడానికి కాదండి. లేవలేక. అది చెప్పడానికి సిగ్గేసి మీరన్నవన్నీ ఒప్పుకున్నాను. నా కాళ్ళలో కండ లేదు. మొన్న మా ఆవిడ పడిపోతే లేపలేకపోయాను. పోయినసారి ఉపవాసం గురించి చెప్పినప్పుడు రెండు గుడ్లు తినే వచ్చాను" అన్నాను.

ముందు వరసలో ముసలమ్మ "అదీ సంగతి" అంది.

ఫ్రాన్సిస్ అయ్యగారు తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్ళారు. గట్టిగా చీవాట్లు పెడతారనుకున్నాను. "నాకు తెలుసు మాస్టారూ. ఆ రోజు మీ భుజం కింద చెయ్యి వేసింది ఆశీర్వాదానికి కాదు, లేపడానికి. నేను పైకి లాగుతుంటే మీరు కిందికి వంగిపోయారు. సరే, నిజంగానే ప్రార్థనలో ఉన్నారేమోననుకున్నాను" అన్నారు.

ఉపవాస ప్రార్థనల్లో మాట్లాడే పని నా నుంచి తీసేశారు. వచ్చి కూర్చుని పాటలు పాడండి చాలు అన్నారు. ఏసుపాదం గారు కొంచెం ముభావంగా ఉన్నారు. గేటు దాటాక మాత్రం దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఆ కుర్చీ వ్యాయామం ఎలా చెయ్యాలండి?" అన్నారు.

ఆగస్టు 18, సోమవారం, బాపట్ల

డాక్టర్ జయలక్ష్మి గారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. రూతుని కూడా తీసుకెళ్ళాను, ఒక్కదాన్నే ఇంట్లో ఉంచలేక. చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేచాను. నెమ్మదిగానే, కానీ లేచాను. పిడి నొక్కాను. "పర్వాలేదు, మెరుగే" అంది. వరండాలో నడిచే నర్సుకి కూడా వినపడితే బాగుండుననిపించింది.

తర్వాత ఆమె ఆ పిడిని రూతు ఎడమచేతికి ఇచ్చింది.

"నాకెందుకండి?" అంది రూతు.

"ఊరికేనండి, ఒకసారి నొక్కండి."

నొక్కింది. డాక్టరు అంకె చూసి మళ్ళీ నొక్కమంది. తర్వాత కుర్చీలోంచి లేవమంది. రూతు కుర్చీ చెయ్యి పట్టుకోబోయింది, వద్దంది. రూతు లేవలేదు. ముందుకి ఊగి, మళ్ళీ వెనక్కి కూర్చుని, నా వైపు చూసి నవ్వింది.

"పొద్దున్న ఏం తింటారండి మీరు?" అంది డాక్టరు.

"ఉన్నదే తింటానండి."

"ఉన్నదంటే?"

"ఈయన తిన్నాక మిగిలింది. చద్దన్నంలో ఆవకాయ వేసుకుంటాను. నాకదే ఇష్టమండి."

"గుడ్లు?"

"అవి ఈయనకి రాశారు కదండి."

డాక్టరు పెన్ను కింద పెట్టింది. ఒక్కసారి నా ముఖంలోకి చూసింది. హెప్సిబా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

నేను జువాలజీ లెక్చరర్నని ఈసారి చెప్పలేదు.

ఆగస్టు 19

ఇంటికొచ్చేటప్పుడు రైల్లో అడిగాను, "ఎప్పట్నుంచి?" అని.

"ఏంటి ఎప్పట్నుంచి?"

"చద్దన్నం."

"పెళ్ళయినప్పట్నుంచీ మీరు చూస్తూనే ఉన్నారుగా" అంది.

చూడలేదు. నేను తినేటప్పుడు ఆవిడ వంటింట్లో ఉండేది, ఆవిడ తినేటప్పుడు నేను పేపరు చదివేవాణ్ణి. నా ఆకలి, నా కండ, నా కుర్చీ. జూన్ నుంచి ఈ డైరీ నిండా నేనే. బెజ్జం పొడిపించిన బెల్టు గురించి కూడా రాశాను.

ఆగస్టు 22

వంట నాదే. అన్నం మాడింది, పప్పు ఉడకలేదు. కలిపేస్తే సగటున సరిపోయింది అన్నాడు పూర్ణచంద్రరావు, రుచి చూడ్డానికొచ్చి. లెక్కల మనిషి.

రూతుకి రెండు గుడ్లు ఉడకబెట్టి ఇచ్చాను. ఎడమచేత్తో పళ్ళెంలో అటూ ఇటూ దొర్లించింది. తినలేదు.

"తినాలి రూతూ, డాక్టరు చెప్పిందిగా."

"నాకు గుడ్డు వాసన పడదండి."

"మరి ఇన్నాళ్ళూ నాకు ఉడకబెట్టావుగా?"

"ముక్కు బిగపట్టుకుని ఉడకబెట్టాను."

ఆగస్టు 27

ఇద్దరం రెండు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుని చేస్తున్నాం. ఎలా లేవాలో నేను వివరించాను. పాదాలు వెనక్కి, ఛాతీ ముందుకి, బరువు మడమల మీద. తొడ ముందు కండరం నాలుగు పాయలని కూడా చెప్పాను. అంతా విని, "మీరు మాట్లాడుతుంటే నేను రెండుసార్లు లేచాను" అంది.

సెప్టెంబరు 2

పప్పు తింటోంది, పెరుగు తింటోంది, ఉడకబెట్టిన సెనగలు తింటోంది. మందు మింగినట్టు తింటోంది. అసలు నీకు ఏం ఇష్టం అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. గుర్తు తెచ్చుకుంటున్నట్టుంది.

"చేప" అంది. "మా రేపల్లెలో నాన్న పెనుమూడి రేవు నుంచి ఏటి చేప తెచ్చేవాడు. మీకు ముళ్ళంటే భయమని మానేశాను."

సెప్టెంబరు 6, శనివారం

పొద్దున్నే రేపల్లె బండెక్కాను. మన తెనాలిలో కూడా చేపలున్నాయిగా అన్నాడు పూర్ణచంద్రరావు. చెరువు చేప మట్టి వాసన వస్తుందట, ఆవిడ మాట. మార్కెట్లో శీలావతి చేప బేరం చేశాను. ఏటిదేనా అంటే ఏటిదే బాబుగారూ అంది అమ్మే ఆవిడ. నిజమో కాదో కనుక్కునే చదువు నా జువాలజీలో లేదు. సంచీ బరువుగానే ఉంది, మోసుకొచ్చాను.

పులుసు రూతు దగ్గరుండి చెయ్యించింది. స్టూలు మీద కూర్చుని, "చింతపండు ఇంకొంచెం. తిప్పకండి, గిన్నె ఊపండి, ముక్క విరిగిపోద్ది" అంటూ. నేను గిన్నె ఊపాను. పొయ్యి మీద సగం, గిన్నెలో సగం ఉంది పులుసు.

ఇద్దరికీ ఒకేసారి కంచాలు పెట్టాను. ఆవిడ కూర్చోకుండా నిలబడింది, నేను తినడం మొదలుపెడతానేమోనని. నేను మొదలుపెట్టలేదు. చివరికి కూర్చుంది.

కుడిచేతికి ఇంకా కట్టు ఉంది. ఎడమచేత్తో ముళ్ళు తియ్యలేదు. కంచం నా దగ్గరికి లాక్కుని నేనే తీశాను. అన్నీ చిన్న చిన్న ముళ్ళు, రెండేసి పాయలుగా చీలినవి, కండలోకి దిగిపోయి ఉన్నాయి. కళ్ళజోడు పైకి తోసుకుని, వేళ్ళతో తడుముతూ ఒక్కొక్కటే తీసి అంచున పెట్టాను. నా అన్నం చల్లారిపోయింది. ఆవిడ నా వేళ్ళు చూస్తూ కూర్చుంది.

అన్నంలో కలిపి కంచం జరిపాను. చెంచాతో తింది. నెమ్మదిగా, పూర్తిగా.

తర్వాత కంచం నా వైపు కొంచెం తోసింది.

"ఇంకో ముక్క వెయ్యండి" అంది.